చూపులేనివారికి కంప్యూటరు ఎన్నుకొనుట

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఎద్దులను కొనవలెనన్న సేద్యము చేయువాడు స్వయముగా సంతకు పోవును. మూపురము తడిమి, పండ్లు చూచి, నాలుగడుగులు నడిపించి, తరువాతనే బేరమునకు దిగును. ఈ పద్ధతి మనకు ఎవరును నేర్పనక్కరలేదు. కాని గ్రామములో చూపులేని యువకునకో, యువతికో ఒక కంప్యూటరు కొనవలసివచ్చినపుడు ఏమి జరుగుచున్నది? దుకాణదారుని అడుగుదురు. పట్టణములో చదువుకొను బంధువుల పిల్లవానిని అడుగుదురు. మీసేవ కేంద్రము నడుపువానిని అడుగుదురు. దానిని వాడవలసిన మనిషిని తప్ప అందరిని అడుగుదురు. నేడు మేము మీతో ముచ్చటింపదలచినది ఈ విషయమును గూర్చియే.

చూపులేనివారికి కంప్యూటరు ఎందులకని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. తెర మీది అక్షరములను చదివి, కంఠస్వరముతో వినిపించు సాధనము ఒకటి కలదు. దానిని స్క్రీన్ రీడరు అందురు. ఇది వేరుగా కొని తగిలించు యంత్రము కాదు. కంప్యూటరులో ఎక్కించుకొను కార్యక్రమము మాత్రమే. వాడువాడు ఒక మీట నొక్కినచో ఆ మీట పేరు వినిపించును. ఉత్తరము తెరచినచో పంక్తి వెంబడి పంక్తి చదువును. లెక్కల పట్టికలో ఏ గడిలో ఏ అంకె యున్నదో చెప్పును. మౌసుతో పనిలేదు, పనియంతయు మీటలతోనే సాగును. అలవాటుపడినవారు దానిని ఎంత వేగముగా పలికింతురనగా, ప్రక్కన కూర్చున్నవారికి ఒక్క మాటయు అంతుపట్టదు.

ఈ సాధనములలో కొన్ని చూపు కోల్పోయినవారే తమకొరకును, తమవంటివారికొరకును నిర్మించుకొన్నవి. అమెరికాలో టెడ్ హెంటర్ అను మోటారు సైకిలు పందెగాడు 1978లో కారు ప్రమాదమున చూపు కోల్పోయెను. ఆయన స్థాపించిన సంస్థనుండియే 1989లో జాస్ అను స్క్రీన్ రీడరు వెలువడెను. అది మంచిదే కాని వెల ఎక్కువ. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను అంధ యువకుడు మరియొకదానిని ప్రారంభించెను. జేమ్స్ టే అను మరియొక అంధుడు ఆయనతో చేరెను. వారి సాధనము పేరు ఎన్.వి.డి.ఏ. దీనిని ఎవరైనను ఉచితముగా తెచ్చుకొనవచ్చును, పదిమందికి పంచవచ్చును. ఇందులోని ఈ-స్పీక్ అను కంఠము తెలుగును కూడ చదువును. ఉచ్చారణ యంత్రమువలెనే ఉండును, ఇంటి మనిషి చదివినట్లుండదు. అయినను విషయము తెలియును. విండోస్‌లో నరేటరు అను మరియొక చదువరి ముందుగనే అమర్చబడియున్నది. కనుక కంప్యూటరుపై పెట్టు ధనములో స్క్రీన్ రీడరుకొరకు ఒక్క రూపాయియు ప్రత్యేకించనక్కరలేదు. ఈ మాట మీ గ్రామములలో తప్పక చెప్పుడు, ఏలనన ఉచితముగా వచ్చు ఈ కార్యక్రమమును ఎక్కించినందుకు వేలకొలది రూపాయలు అడుగువారు లేకపోలేదు.

దీనివలన ఏమి సాధింపవచ్చునో ఒక్క ఉదాహరణము చాలును. మచిలీపట్నము చేరువనున్న సీతారామపురమున పుట్టుకతోనే చూపులేక జన్మించిన బొల్లా శ్రీకాంత్ హైదరాబాదులోని దేవనార్ అంధుల పాఠశాలలో చదివెను. పదవ తరగతి తరువాత సైన్సు చదువుటకు అనుమతి నిరాకరింపగా న్యాయస్థానమునకు పోయి అనుమతి పొందెను. అమెరికాలోని ప్రసిద్ధమైన ఎం.ఐ.టి. విద్యాసంస్థలో చదివి వచ్చి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ అను పరిశ్రమను స్థాపించెను. ఆయన జీవితముపై 2024లో హిందీలో చలనచిత్రము కూడ వచ్చినది. అందరును పరిశ్రమలు స్థాపింపనక్కరలేదు. డిగ్రీ చదివి, పోటీ పరీక్షలు వ్రాసి, గుమాస్తా ఉద్యోగము చేసుకొనదలచినవానికి కూడ కంప్యూటరు వచ్చితీరవలెను. 2016 వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము ప్రభుత్వోద్యోగములలో వికలాంగులకు 4 శాతము కేటాయింపబడగా, అందులో 1 శాతము అంధులకును, చూపు మందగించినవారికిని చెందినది. ఆ ఉద్యోగమునకు ఎంపికైనవాడు బల్లముందు కూర్చున్ననాడు చేయవలసిన పని ఈనాడు కంప్యూటరు మీదనే యుండును.

సెల్‌ఫోను చాలదా అని మరియొక ప్రశ్న. ఫోనులు కూడ మాటలాడును, వాటిని చక్కగా వాడుకొను అంధులు అనేకులు గలరు. కాని నాలుగు పుటల దరఖాస్తు వ్రాయుటకును, రెండువందల పేర్ల పట్టికను సరిదిద్దుటకును ఫోను అనువైనది కాదు. హాస్టలులో ఉండి చదువువానికి లాప్‌టాప్ మేలు. ఇంటివద్దనో, కార్యాలయములోనో ఒకేచోట కూర్చుండి పనిచేయువానికి బల్లమీది కంప్యూటరు మేలని మా అభిప్రాయము. అదే డబ్బునకు బలమైన యంత్రము వచ్చును. ఒక భాగము చెడినచో ఆ భాగమునే మార్చుకొనవచ్చును. అన్నింటికంటె ముఖ్యముగా పూర్తి పరిమాణము గల కీబోర్డు వచ్చును. దాని సంగతి తరువాత చెప్పెదము.

నల్గొండ, సూర్యాపేట వైపు గ్రామములవారికి హైదరాబాదు అనగా మొదట తగులునది ఎల్.బి.నగర్ కూడలి. విజయవాడ రహదారియు, సాగరు రహదారియు అచటనే కలియును. అచటనుండి దిల్‌సుఖ్‌నగర్ వరకు రెండు ప్రక్కల శిక్షణ సంస్థలు, హాస్టళ్లు, కంప్యూటరు దుకాణములు, మరమ్మతు చేయు చిన్న గదులు వరుసగా నుండును. 2018 సెప్టెంబరునుండి మెట్రో రైలు కూడ నడచుచున్నది. ఎల్.బి.నగర్‌లో ఎక్కినచో విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి మూడవది దిల్‌సుఖ్‌నగర్. ఆ తరువాత మూడవది మలకపేట. దివ్యాంగుల సంక్షేమ శాఖ కార్యాలయము మలకపేటలోనే యున్నది. అచటికి సమీపమున దారుల్‌షిఫాలో ప్రభుత్వ అంధుల పాఠశాల కలదు. ఇందువలన ఈ ప్రాంతపు వీధులలో తెల్లకర్రతో నడచు విద్యార్థులు తరచు కనిపింతురు. అయినను దుకాణములలో వారికి ఏమి కావలెనో తెలిసినవారు అరుదు.

మేమెరిగిన ఒక గ్రామములో పెద్దలు చందాలు వేసికొని, చూపులేని ఒక డిగ్రీ విద్యార్థికి కంప్యూటరు బహూకరించిరి. ఉద్దేశము మంచిదే. వారు కొన్నది వేలితో తాకి నడుపు పెద్ద తెరగల యంత్రము. చూపరులకు ముచ్చటగా నుండును. ధనములో అధికభాగము ఆ తెరకే పోయినది. కీబోర్డు బల్లపరుపుగా, అంకెల మీటలు లేక, చేతికి ఆనవాలు చిక్కనిదై యుండెను. లోపలి భాగములు మందకొడివి. మీట నొక్కిన రెండు క్షణములకు గాని మాట వినిపింపదు. ఆ పిల్లవాడు వారము దినములు ప్రయత్నించి దానిపై గుడ్డ కప్పి ఉంచెను. దాతలకు నొప్పి కలుగునని బయటికి చెప్పలేదు. సభలో ఫోటో తీయించుకొనినవారికి ఈ సంగతి నేటికిని తెలియదు. ఈ ఉదాసీనతకు మూలము ఒక్కటే: కొనబోవుటకు ముందు వానిని వెంటబెట్టుకొని పోలేదు.

వెంటబెట్టుకొని పోయినచో అతడు ఏమి పరీక్షింపవలెనో ఇప్పుడు చెప్పెదము.

మొదటిది చెవికి సంబంధించినది. మనకు తెర యెట్టిదో అతనికి శబ్దము అట్టిది. స్పీకర్లు పెద్దవిగా, దద్దరిల్లునట్లు ఉండనక్కరలేదు. మాట స్పష్టముగా, ఆలస్యము లేక రావలెను. తీగలేని ఇయర్‌ఫోనులలో మాట కొంత వెనుకబడి వచ్చును. పాటలకు అది తెలియదు గాని ప్రతి మీటకును జవాబు వినవలసినవానికి విసుగు పుట్టించును. తీగ గలవే కొనుడు. మరియొక లోపము దుకాణములో ఎవరికిని తట్టదు. కొన్ని యంత్రములలో శబ్దపు భాగము విద్యుత్తు ఆదాకొరకు కొన్ని క్షణముల నిశ్శబ్దము కాగానే నిద్రపోవును. మరల పలుకునపుడు తొలి అక్షరము మింగివేయును. "పంచాయతీ" అన్నది "చాయతీ" అని వినిపించును. "కాదు" అన్నదానిలో "కా" పోయినచో మిగులునదేమి? కనుక యంత్రమును ఒక నిమిషము ఊరక విడిచి, తరువాత ఒక మీట నొక్కి వినవలెను.

ఇంతకంటె చిక్కైనది హెచ్.డి.ఎం.ఐ. తీగ సంగతి. మానిటరును ఈ తీగతో కలిపినపుడు బొమ్మతోపాటు శబ్దమును కూడ మానిటరునకే పంపుట కంప్యూటరునకు ఒక్కొక్కప్పుడు అలవాటు. మానిటరులో స్పీకరు లేనిచో శబ్దము ఎచటికిని పోదు. చూపుగలవాడు తెరమీద చూచి సరిచేసికొనును. చూపులేనివానికి ఆ క్షణముననే కంప్యూటరు చచ్చినదానితో సమానము. సరిచేయుటకు వినవలెను, వినుటకు సరిచేయవలెను. దుకాణము విడుచుటకు ముందే ఆ మార్గమును మూయించి, శబ్దము స్పీకరునకే పోవునట్లు స్థిరపరచవలెను. యు.ఎస్.బి. రంధ్రములో గ్రుచ్చు చిన్న శబ్దపు ముక్క ఒకటి స్వల్ప వెలకు దొరకును. దానిని కొని బల్ల సొరుగులో ఉంచుకొనినచో ఆపత్సమయమున అక్కరకు వచ్చును. పెద్ద కార్యాలయములకొరకు తయారైన డెల్, హెచ్.పి., లెనోవో వంటి కంప్యూటర్లలో కొన్నింటికి పెట్టె లోపలనే చిన్న స్పీకరు ఉండును. అట్టిది దొరకినచో విడువకుడు. బయటి తీగ ఊడిపోయినను మాట ఆగదు.

పంకా చప్పుడు కూడ వినవలెను. చవుక పెట్టెలలో పంకా పిండిమర వలె మ్రోగును. దినమంతయు ఆ మ్రోతలో మాట వెదకికొనువానికి సాయంకాలమునకు తల బరువెక్కును.

రెండవది చేతికి సంబంధించినది. కీబోర్డు పూర్తి పరిమాణముది కావలెను. కుడివైపున అంకెల మీటల గుంపు ఉండితీరవలెను. చూపుగలవాడు ఆ గుంపును లెక్కలకే వాడును, ఎన్.వి.డి.ఏ. వాడువానికి అది కంటిపాప. నమ్‌లాక్ ఆపియుండగా 7, 8, 9 మీటలతో వెనుకటి పంక్తి, ఉన్న పంక్తి, తరువాతి పంక్తి చదివించును. 4, 5, 6 తో మాటలు, 1, 2, 3 తో అక్షరములు. పంక్తిలో అనుమానము వచ్చినచో మాటకు, మాటలో అనుమానము వచ్చినచో అక్షరమునకు దిగును. పొలము గట్టు వెంబడి నడచి, చాలునకు దిగి, మొక్కను తాకినట్లుండును. ఇన్సర్ట్ మీట మాటిమాటికి కావలెను. అది చేతికి వెంటనే దొరకుచోట ఉన్నదా యని చూడవలెను. ఎఫ్, జె, 5 మీటలపై చిన్న గడ్డలుండును, అవి అరిగియుండరాదు. పై వరుసలోని ఎఫ్1 మొదలు ఎఫ్12 వరకు మీటలు నాలుగేసి గుంపులుగా విడివిడిగా ఉన్నచో లెక్కపెట్టుకొనుట సులభము. కావలసిన మీటలపై ఫెవికాల్ చుక్క పెట్టి ఆరనిచ్చినచో మంచి గుర్తు అగును. దీనికి ఖర్చు లేదు. పెట్టె వెనుక రంధ్రములకు రంగులు వేసియుందురు, ఆకుపచ్చది స్పీకరుది. రంగు ఎవనికొరకు? ఆ తీగకు ఒక దారము ముడివేయుడు.

మానిటరు అక్కరలేదా? లేకున్నను కంప్యూటరు పలుకును. కాని పాతదైనను ఒకటి ఉండుట మంచిది. యంత్రము మొరాయించినపుడు విండోస్ ఇంకను మొదలుకాని దశలో స్క్రీన్ రీడరు పలుకదు; అప్పుడు చూపుగలవారెవరైనను తెర చూచి చెప్పవలసియుండును. వాడిన మానిటరు చవుకగా దొరకును. మిగిలిన సమయమున దానిని ఆపి ఉంచినచో కరెంటు ఆదా. తన ఉత్తరము ప్రక్కవాడు చదువుననెడు బెంగయు లేదు! ఆటలకొరకు అమర్చు ఖరీదైన గ్రాఫిక్సు కార్డు, రంగురంగుల దీపములు గల పెట్టె ఇవన్నియు వృథా. పూర్తిగా గాక కొంత చూపు మిగిలినవారి సంగతి వేరు. వారికి వెడల్పైన, మెరపులేని తెరయు, అక్షరములను పెద్దవి చేయు సౌకర్యమును కావలెను. వారిని కూడ తెరముందు కూర్చుండబెట్టియే కొనవలెను.

మూడవది లోపలి భాగములు. తెరపై మిగిల్చిన ధనమును ఇచట వెచ్చింపుడు. తిరుగుడు హార్డు డిస్కునకు మారుగా ఎస్.ఎస్.డి. ఉండవలెను. అది లేనిచో మీట నొక్కినది మొదలు మాట వచ్చువరకు మౌనమే. ఆ మౌనములో యంత్రము పనిచేయుచున్నదో, ఆగిపోయినదో చూపుగలవానికి తెరమీది గుర్తు చెప్పును. చూపులేనివానికి చెప్పునదేదియు లేదు. ర్యాము 8 జి.బి.కి తగ్గరాదు; 16 ఉన్నచో మరియు మంచిది.

దిల్‌సుఖ్‌నగర్ వంటి చోట్ల పెద్ద సంస్థలు వాడి విడిచిన కంప్యూటర్లు సగము ధరకు అమ్మకమునకు ఉండుట మీరెరుగుదురు. వీనిలో మంచివి లేకపోలేదు. కాని ఒక్క విషయమున జాగ్రత్త. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 నియమము ప్రకారము నడువవలెనన్న ఇంటెల్ ప్రాసెసరు ఎనిమిదవ తరముదో, ఆ తరువాతిదో కావలెను, టి.పి.ఎం. 2.0 అను భద్రతాభాగము కూడ ఉండవలెను. తరమును కనుగొనుట కష్టము కాదు. ఐ5-6500 అన్నచో అడ్డగీత తరువాతి 6 ఆరవ తరమును తెలుపును. ఐ5-8500 అన్నచో ఎనిమిదవ తరము. "ఐ5 అండి, మంచిది" అని మాత్రమే చెప్పి అమ్మువాని మాట చాలదు. పూర్తి సంఖ్యను బిల్లు మీద వ్రాయించుకొనుడు. విండోస్ అసలు ప్రతియే కావలెను. దొంగ ప్రతులు ఏదో ఒకనాడు హెచ్చరికల పలకలతో అడ్డుపడును.

ఇవన్నియు వినుటకే గాక చేసి చూచుటకు ఒక సులువైన ఉపాయము కలదు. ఎన్.వి.డి.ఏ.ను పెన్‌డ్రైవులో పెట్టుకొని, ఏ కంప్యూటరులోను ఎక్కింపకయే అచటికచట నడిపింపవచ్చును. మేము ఇటీవల ఇట్టి పెన్‌డ్రైవు జేబులో వేసికొనిన ఒక విద్యార్థితో దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు మూడు దుకాణములు తిరిగితిమి. మొదటిచోట అమ్మువాడు విద్యార్థివైపు చూడనే లేదు. "ఈయనకు ఎంతలో కావాలండి?" అని మమ్ము అడిగెను. మేము జవాబు చెప్పలేదు. విద్యార్థియే, "ఎనిమిదో తరంది, ఎస్సెస్డీ ఉన్నది చూపించన్నా. ముందు ఒక్కసారి ఆన్ చెయ్యి, వింటాను," అనెను. అమ్మువాడు నవ్వి, "వింటావా!" అనెను. పెన్‌డ్రైవు పెట్టి, ఇయర్‌ఫోను తగిలించుకొని, ఆ పిల్లవాడు ఐదు నిమిషములలో ఆ యంత్రములో ర్యాము ఎంతయో, విండోస్ ఏదియో, డిస్కులో ఎంత చోటున్నదో తానే చదివి చెప్పెను. చీటీ మీద 16 అని వ్రాసియున్నది; లోపల 8 మాత్రమే యుండెను. అమ్మువాడు చీటీ మార్చెను. మరి నవ్వలేదు. కొన్నది ఆ దుకాణములో గాక మరియొకచోట గాని, ఆ ఐదు నిమిషములు చూచిన తరువాత మేము ప్రక్కన నిలువబడుట తప్ప చేయవలసినది ఏమియు కానరాలేదు.

పెన్‌డ్రైవు మరచినచో కంట్రోలు, విండోస్, ఎంటరు మూడు మీటలను ఒకేసారి నొక్కుడు. నరేటరు మాటలాడ మొదలిడును. బేరము కుదిరిన తరువాత ఎన్.వి.డి.ఏ.ను యంత్రములో ఎక్కించి, రహస్యపదము అడుగు దశనుండియే అది పలుకునట్లు అమర్చి, ఒకసారి ఆపి మరల ప్రారంభించి విని, అప్పుడే పెట్టె కట్టించవలెను. గ్రామమునకు చేరిన తరువాత ఈ పనులకు మరల బస్సెక్కవలసివచ్చును.

సభ్యులారా, ఇంతవరకు చెప్పినది కొనువాని పని. ఇక మీ పని. కంప్యూటరు ఎంత మంచిదైనను మీరు పంపు కాగితము దానికి అర్థము కానిచో ప్రయోజనమేమి? అనేక పంచాయతీలలో గ్రామసభ నోటీసులు, లబ్ధిదారుల జాబితాలు నేటికిని అను ఫాంట్లలో తయారగుచున్నవి. కంటికి అది చక్కని తెలుగే. కాని కంప్యూటరు లోపల దాచుకొన్నది ఇంగ్లీషు అక్షరముల, గుర్తుల గందరగోళము. వానిపై తెలుగు ఆకృతుల ముసుగు వేయబడినది. స్క్రీన్ రీడరు ముసుగును చూడదు, లోపలిదే చదువును. చూపులేని గ్రామస్థుడు తన పేరు జాబితాలో ఉన్నదో లేదో తెలిసికొనగోరి తెరచినచో చెవికి వినబడునది అర్థములేని గొణుగుడు. యూనికోడ్‌లో తెలుగునకు 1991లోనే స్థానము లభించినది. ఆ పద్ధతిలో వ్రాసిన ప్రతి అక్షరమును కంప్యూటరు తెలుగక్షరముగనే గుర్తించును, చదువును, వెదకిపెట్టును. మీ కార్యదర్శిని, కంప్యూటరు ఆపరేటరును నోటీసులు యూనికోడ్‌లో తయారుచేయుమని కోరుడు. ముద్రవేసి సంతకము చేసిన కాగితమును ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుట మరియొక అలవాటు. ఫోటోలోని తెలుగును గుర్తించి చదువు పనిముట్లు వచ్చినవి గాని పేర్లలోను, అంకెలలోను తప్పులు దొర్లుచుండును. పింఛను మొత్తములో ఒక సున్న తప్పినచో ఏమగును? ఫోటోతోపాటు అదే విషయమును అక్షరములలో కూడ పంపినచో చాలును. 2016 చట్టపు 42వ విభాగము కూడ సమాచారము వికలాంగులకు అందుబాటు రూపములో ఉండవలెనని చెప్పుచున్నది.

అదే చట్టపు 37వ విభాగము పేదరిక నిర్మూలన, అభివృద్ధి పథకములలో గణనీయమైన వైకల్యము గలవారికి 5 శాతము కేటాయింపు ఉండవలెనని, అందులో స్త్రీలకు ప్రాధాన్యమీయవలెనని నిర్దేశించుచున్నది. గ్రామసభలో పనుల జాబితా తయారగునపుడు ఈ మాటను ఎవరో ఒకరు గుర్తుచేయవలెను. ఉపకరణములకొరకు శాఖ దరఖాస్తులను పిలిచినపుడు వైకల్య ధ్రువపత్రము, యు.డి.ఐ.డి. కార్డు చేతిలో ఉన్నవారికే అవకాశము దక్కును. కార్డు లేనివారెవరో మీ వార్డులో మీకే తెలియును. శిక్షణ విషయమున సికింద్రాబాదులోని మనోవికాస్‌నగర్‌లో జాతీయ దృష్టి వైకల్య సంస్థ ప్రాంతీయ కేంద్రమును, బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యసంస్థ పునరావాస విభాగమును సంప్రదింపవచ్చును.

ప్రసంగానంతరము సభ్యులు కొన్ని ప్రశ్నలు అడిగిరి. వానిలో రెండింటిని ఇచట చేర్చుచున్నాము.

పంచాయతీ కార్యాలయపు కంప్యూటరునే చూపులేనివారు కూడ వాడుకొనవచ్చునా యని ఒక మహిళా సభ్యురాలు అడిగిరి. తప్పక వాడుకొనవచ్చును. ఎన్.వి.డి.ఏ. ఎక్కించుటవలన ఇతరుల పనికి ఎట్టి అడ్డంకియు కలుగదు; కావలసినపుడు కంట్రోలు, ఆల్ట్, ఎన్ మీటలు నొక్కి ప్రారంభించుకొందురు, పని తీరగానే ఆపుకొందురు. ఒక ఇయర్‌ఫోను, మంచి కీబోర్డు ఉన్నచో వేరు యంత్రము కొనకయే అభ్యాసము మొదలిడవచ్చును.

కరెంటు పోయినచో ఏమి చేయవలెనని మరియొకరు ప్రశ్నించిరి. చూపుగలవాడు దీపము ఆరుట చూచి కరెంటు పోయినదని గ్రహించును. చూపులేనివానికి మాట హఠాత్తుగా ఆగుటయే తెలియును. అది కరెంటు దోషమో, యంత్రపు దోషమో, తీగ ఊడుటయో బోధపడదు. కావున యు.పి.ఎస్. తప్పక కొనవలెను. కరెంటు పోయినంతనే కూతవేయు రకమునే అడుగుడు. కొందరు ఆ కూత చికాకని నోరు మూయింతురు. ఇతనికి అమర్చునపుడు ఆ కూతను అట్లే ఉండనిండు. కూత వినగానే వ్రాసినది భద్రపరచుకొని యంత్రమును ఆపుకొనుటకు ఐదు పది నిమిషములు చాలును.